రెండున్నర అడుగుల వాకిలి

జనవరి 17, 2005

ఉద్యోగంలో చేరాను. సైట్ ఇంజనీర్. డిప్లొమా సివిల్ పాసై రెండేళ్ళు ధర్మవరంలో నాయన మగ్గానికి కండెలు చుట్టాక, హేమావతి అనే పేరు పక్కన ఎట్టకేలకు ఒక మాట చేరింది.

గుమ్మఘట్టలో బస్సు దిగి బూదిమిట్టకు ఆటోలో వచ్చాను. ఊరి బయట ఒక గుట్ట, గుట్ట కింద బూడిద దిబ్బ. నిజంగానే బూడిద. వేల ఏళ్ళ కిందట పశువుల పేడ కుప్పలు కాలిన బూడిదట. ఊరివాళ్ళు దాన్ని బండ్లకెత్తి చేలకు తోలుకుంటారు. ఆ దిబ్బ పక్కన బెంగళూరు ట్రస్టు ఒకటి బిల్డింగు కడుతోంది. దాని పేరు ఆదిమ నివాస కేంద్రం. ఆదిమానవుడు ఎలా బతికాడో జనానికి చూపిస్తారట. ఇక్కడ ఇప్పటి మానవుడు ఎలా బతుకుతున్నాడో చూడ్డానికే ఎవరూ రారు.

సైటుకు పోగానే మేస్త్రీ, ఇంజనీరు సారు యాడమ్మా అని అడిగాడు. నేనే అన్నాను. కాసేపు నా వెనక రోడ్డు వైపు చూశాడు, ఇంకెవరైనా వస్తారేమోనని.

జనవరి 19

శశి సార్ వచ్చారు. మా ఆర్కిటెక్టు. బెంగళూరు మనిషి. జుట్టు వెనక్కి ముడేసుకుంటారు, మట్టి తగలాలని చెప్పుల్లేకుండా నడుస్తారు. పల్లేరుకాయలు తగిలాక చెప్పులు వేసుకున్నారు.

వేపచెట్టు కింద మమ్మల్ని కూర్చోబెట్టి క్లాసు చెప్పారు. మోడర్న్ ఆర్కిటెక్చర్ అంతా ఆదిమానవుడి దగ్గర కొట్టేసిందేనట. కారిడార్ గుహ నుంచి వచ్చిందట. హాలు మంట చుట్టూ కూర్చునే చోటట. (మంట పోయి టీవీ వచ్చింది.) మూలలు మనిషి ఈగోకి గుర్తట, అందుకే మా బిల్డింగుకు మూలలు ఉండవు. మేస్త్రీ చెయ్యెత్తి, అయితే మూలమట్టం తేవల్లా వద్దా సార్ అని అడిగాడు.

గుంత తవ్వుకుని అందులో సగం దిగి బతికేవాళ్ళని, అలా మట్టిలో కూర్చుంటే మనిషికి ఎక్కడలేని శాంతి అని కూడా చెప్పారు. మా నాయన నలభై ఏళ్ళుగా కాళ్ళు గుంతలో పెట్టి కూర్చునే నేస్తున్నాడు. గుంత మగ్గం మరి. శాంతి సంగతి తెలియదు, మోకాళ్ళ నొప్పులు మాత్రం ఉన్నాయి.

తర్వాత శ్రీరంగప్ప మాస్టారు వచ్చారు. రాయదుర్గంలో హిస్టరీ లెక్చరరుగా రిటైరయ్యారు. డెబ్భై ఒకటి. స్కూటరు, గొడుగు, చేతిసంచి. ముప్పై ఏళ్ళుగా ఈ దిబ్బ చుట్టూ తిరుగుతున్నారట. కుండ పెంకులు దొరికాయి, రాతి గొడ్డళ్ళు దొరికాయి, ఆదిమానవుడి ఇల్లు మాత్రం దొరకలేదు. రెండేళ్ళ కిందట దొరికింది. తీసుకెళ్ళి చూపించారు.

గుండ్రటి రాతి గోడ. ఎదురొమ్ము ఎత్తు, అడ్డం పద్నాలుగు అడుగులు. పైకప్పు లేదు, కాలానికి పోయిందట. వాకిలి ఎత్తు రెండున్నర అడుగులు, పైన ఒక బండ. లోపల ఒక నున్నటి రాయి, బలిపీఠమట. గోడలో ఒక గూడు, అమ్మతల్లి బొమ్మకట. నేలంతా బూడిద, హోమానిదట. చెబుతూనే గోడలోని గూటికి దండం పెట్టారు. నాకూ ఒళ్ళు జలదరించింది, అబద్ధమెందుకు.

మా బిల్డింగు అచ్చం ఇదే, రెండింతలు పెద్దది.

జనవరి 20

ప్లాను చూశాను. బిల్డింగు రెండింతలైనా వాకిలి మాత్రం రెండున్నర అడుగులే. ప్రింటు తప్పనుకుని శశి సార్‌కు ఫోన్ చేశాను. అదే డిజైనుకు ఆత్మ అన్నారు. ఆదిమానవుడు వంగి, తల దించి భూమాత గర్భంలోకి పోయేవాడట. Humility అన్నారు. మేస్త్రీకి ఇదే చెప్పాను. సిమెంటు గంపతో వంగల్లా, గంప దించి వంగల్లా అని అడిగాడు.

జనవరి 24

ముగ్గు పోసి మార్కింగ్ ఇచ్చాం. అప్పుడు వచ్చాడు తిప్పయ్య. గొర్రెలు కాసుకునే మనిషి. కర్ర గడ్డం కింద ఆనించుకుని చాలాసేపు చూసి, ఏమ్మా, నా గూడంటే మీ సార్లకు అంత ఇష్టమా అని అడిగాడు.

ఏ గూడు అన్నాను.

ఆదిమానవుడి ఇంటి వైపు గడ్డం ఎత్తి చూపించాడు. గొర్రెపిల్లల గూడు గదమ్మా అది, మా పెద్దోడు పుట్టిన ఏడు నేనే కట్టినా అన్నాడు.

కూర్చుండిపోయాను. తాపీగా అంతా చెప్పాడు. పెద్ద గొర్రెలు మేతకు పోతాయి, పిల్లలు నడవలేవు, వాటిని గూట్లో వేసి పోతారు. వాకిలి పిల్లలకు పట్టేంత చాలు, ఒక బండ అడ్డం పెడితే తోడేలు రాదు. పైన ముళ్ళకంప పరుస్తాడు. కరువుకు మందను తోలుకుని రెండేళ్ళు తుంగభద్ర కాలువల దిక్కు పోయినాడు, ఆ మధ్యలో కంప ఎవరో పొయ్యిలోకి ఎత్తుకుపోయారు, అప్పుడే మాస్టారికి ఇది దొరికింది. బలిపీఠం పిల్లలు నాకడానికి ఉప్పు పెట్టే రాయి. అమ్మతల్లి గూట్లో తిప్పయ్య బీడీకట్ట, నట్టల మందు సీసా ఉండేవి. హోమం బూడిద, ఈగలు పోవడానికి పెట్టిన వేపాకు పొగది.

మరి మాస్టారికి ఎందుకు చెప్పలేదన్నాను. అడగల్ల గదమ్మా అన్నాడు. తిరిగొచ్చి చూస్తే ఆయప్ప గోడ పట్టుకుని కండ్లనీళ్ళు పెట్టుకుంటా ఉండాడంట. ఎవరో పోయినారేమో, ఇప్పుడు పలకరించేది బాగుండదులే అని ఊరికే ఉండిపోయినాడంట. ఊర్లో అందరికీ తెలుసు. కేంద్రం వస్తే దాని వెంబడి తారు రోడ్డు వస్తాదని ఎవరూ నోరు విప్పలేదు.

జనవరి 24, సాయంత్రం ఆరు గంటలు

చెప్పాలి. చెబితే పని ఆగిపోతుంది. నా మొదటి బిల్డింగు ముగ్గు దగ్గరే ఆగిపోతే, మళ్ళీ కండెలే. తిప్పయ్యను కొన్నాళ్ళు ఎవరికీ చెప్పొద్దన్నాను. నాకేమి తల్లీ అన్నాడు.

బేస్‌మెంట్ అయ్యాక చెప్తాను.

ఫిబ్రవరి 7

బేస్‌మెంట్ అయింది.

మాస్టారు వాళ్ళావిడ చేసిన ఉగ్గాని నాకోసం బాక్సులో తెచ్చారు. రాతి దిమ్మె మీద కూర్చుని తిన్నాం. ఇదే విషయం మీద నిరుడు వ్యాసం పంపితే, హైదరాబాదులో పెద్దాయనెవరో ఇది ఇల్లు కాదు, పశువుల దొడ్డి అయ్యుండొచ్చని తిప్పి పంపాడట. దొడ్డికీ ఇంటికీ తేడా తెలీకుండానే ముప్పై ఏండ్లు తిరిగినానా అమ్మా అన్నారు. ఉగ్గాని గొంతులో అడ్డం పడింది. ఆయన కంగారుపడి నీళ్ళిచ్చారు.

లింటెల్ అయ్యాక చెప్తాను.

ఫిబ్రవరి 12

ట్రస్టు వాళ్ళు రాతి గూడు చుట్టూ ముళ్ళకంచె వేసి బోర్డు పెట్టారు. పురాతన నివాసం, పశువులను లోనికి తోలరాదు. కాపలాకు నమ్మకమైన మనిషి కావాలంటే ఊరివాళ్ళు తిప్పయ్యను చూపించారు. ఖాకీ చొక్కా ఇచ్చారు.

అంటే తిప్పయ్య గూట్లోకి తిప్పయ్య గొర్రెపిల్లలు పోకుండా తిప్పయ్య కాపలా. ఎట్లుంది ఉద్యోగం అన్నాను. దినమ్మూ నన్ను నేనే అదిలించుకుంటా ఉండాను అన్నాడు.

పిల్లలకు ఇప్పుడు గూడు లేదు. కంపతో దడి కట్టాడు. రాతితో ఇంకోటి కట్టుకోవచ్చు కదా అన్నాను. రాళ్ళేవమ్మా అన్నాడు. చుట్టూ చూశాను. శశి సార్ లోకల్ స్టోనే వాడాలన్నారు కాబట్టి గుట్ట కింద చేత్తో ఎత్తగలిగే రాయల్లా మేస్త్రీ మా గోడలోకి ఎక్కించేశాడు.

మార్చి 2

ఈ వాకిలికి లింటెల్ ఉండదు, బండే ఉంటుంది. కాబట్టి లింటెల్ ఇంకా అయినట్టు కాదు.

మార్చి 9

తెల్లవారుజామున తోడేలు కంప దూరి రెండు పిల్లల్ని ఎత్తుకుపోయింది.

తిప్పయ్య ఆ కంపనే మళ్ళీ సర్దుకుంటున్నాడు. వాళ్ళావిడ బయమ్మ వచ్చింది. మా గోడ చుట్టూ ఒకసారి తిరిగింది, ఒక్కో రాయినీ ముట్టుకుంటూ. ఇది మా గూటి కాడ పడుండిన రాయి, ఇది మా చేని గట్టుది, ఇది నేను గుడ్డలుతికిన రాయి అని చెప్పింది. నీ బిల్డింగు బాగుండాదిలే తల్లీ, తోడేలు రాదు అని చెప్పి పోయింది. తిట్టినా బాగుండేది.

సిగ్గేసింది. అన్నం తినబుద్ధి కాలేదు. మాస్టారి బాధ ఎక్కడ చూడాల్సొస్తుందోనని నోరు మూసుకున్నాననుకుంటున్నాను. నిజానికి మూసుకున్నది నా ఉద్యోగం కోసమే.

మార్చి 10

సాయంత్రం లేబరు పోయాక పిల్లల్ని మా గోడల మధ్యలోకి తోలమన్నాను. పొద్దున ఏడు లోపల తీసేయాలి, ఊడ్చేయాలి. బయమ్మ నా ముఖంలోకి చూసి, నీకు పెండ్లయిందా అని అడిగింది. లేదన్నాను. అయితాదిలే అంది. దాన్ని నేను థాంక్స్ అని అర్థం చేసుకున్నాను.

పిల్లలు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. రెండున్నర అడుగుల వాకిలి చూడగానే వరసగా లోపలికి పోయాయి. మా మేస్త్రీ ఆ వాకిట్లో రోజుకు నలభై సార్లు తల కొట్టుకుంటాడు.

మార్చి 23

శశి సార్ చెప్పకుండా వచ్చారు. పొద్దున ఏడుంపావు. ఇంకా ఊడ్చలేదు. మోకాళ్ళ మీద లోపలికి పోయి చాలాసేపు బయటికి రాలేదు. నా పని అయిపోయిందనుకున్నాను.

బయటికి వచ్చి, ఈ వాసన ఎలా తెచ్చావని అడిగారు. కళ్ళు మెరుస్తున్నాయి. ఇన్నేళ్ళలో ఏ బిల్డింగులోనూ ఈ వాసన రాలేదట. చాలా authentic అట. పోనివ్వొద్దన్నారు. ప్రయత్నిస్తాను సార్ అన్నాను.

మార్చి 30

కప్పు. లోపల రాతి కంబాలు, పైన తాడిపత్రి బండలు. లారీ ఊరి వంకలో దిగబడి ఊరంతా వచ్చి తోసింది. బండల సందుల్లో నీళ్ళు కారతాయి సార్ అని ఫోన్లో చెప్పాను. ఆదిమానవుడికీ కారేవి అన్నారు. ఈయన ఇంట్లో కారుతుందా అని అడగాలనిపించింది, అడగలేదు.

తిప్పయ్య కింద నిలబడి చూసి, చౌడు వెయ్యకుండా మిద్దె ఎట్ల నిలుస్తాదమ్మా అన్నాడు. మా ధర్మవరం ఇంటి మట్టిమిద్దె మీద కూడా ఏటా వానలకు ముందు చౌడు మట్టి పరుస్తాం. తడిస్తే అంటుకుపోయి చుక్క కిందికి దిగనివ్వదు. మూడేళ్ళు చదువుకుని ఇది నాకు తట్టలేదు. వంక పక్క నుంచి నాలుగు బండ్ల చౌడు తోలించి జానెడు మందం వేశాం. శశి సార్‌కు living roof అని చెప్పాను. ఆ మాట ఆయన డైరీలో రాసుకున్నారట.

కప్పు కూడా అయింది. చెప్పలేదు.

ఏప్రిల్ 9, ఉగాది

ఇంటికి వచ్చాను. నాయన బిల్డింగు ఎట్లుండాది అని అడిగితే గీసి చూపించాను. గుంతలో కూర్చునే, అద్దాలు సర్దుకుని చూశాడు. గుండ్రంగా ఉండటం గురించి ఏమీ అనలేదు. వాకిలి దగ్గర వేలు పెట్టి, ఎవరికి కడతాండారో వాళ్ళను ఒకమాట అడిగినారా అన్నాడు.

చీర నేసే ముందు ఆయన కట్టుకునేవాళ్ళను అడిగినట్టు నాకు గుర్తులేదు. అదే అన్నాను. చీర అందరికీ పడ్తాది, వాకిలి అట్ల గాదు అన్నాడు.

మే 22

ఓపెనింగ్ జూన్ 6. రిబ్బన్ కట్ చేయబోయే మండలాధ్యక్షుడు హనుమంతరాయుడు గారు ముందుగా చూసుకోవడానికి వచ్చారు. ఆరడుగుల పైన మనిషి, ఇస్త్రీ పంచె. వాకిలి యాడుండాది అన్నారు. చూపించాను. అది కిటికీ గదమ్మా అన్నారు.

శశి సార్ humility గురించి చెప్పారు. భూమాత ముందు తల వంచడం గురించి చెప్పారు. రాయుడు గారు ఓపిగ్గా అంతా విని, మా ఇండ్లల్లో ఎవడూ తల వంచి యాడికీ పోలేదు సార్, మా నాయన వాకిలి పెట్టించేటప్పుడు నెత్తిన రుమాలు చుట్టుకుని నిలబడి కొలత ఇప్పించినాడు అన్నారు. భూదేవికి నిలబడే దండం పెడతానన్నారు.

అసలు భయం వేరే. పోయేటప్పుడు నాతో మెల్లగా చెప్పారు. ఆ వాకిట్లో మోకాళ్ళ మీద పాకుతుంటే అవతలి పార్టీ వాళ్ళు ఫోటో తీస్తే, వచ్చే ఎలక్షన్లకు వాళ్ళకు వేరే వాల్‌పోస్టరు అక్కర్లేదట.

మూడు గంటలు చర్చలు. వాకిలి పెంచమని ఆయన, నాలుగు వేల ఏళ్ళ చరిత్రను పగలగొట్టనని శశి సార్. ఆ చరిత్ర కట్టినాయన ఖాకీ చొక్కా వేసుకుని ఇద్దరికీ టీ ఇస్తున్నాడు. చివరికి నేనే ఉపాయం చెప్పాను. వాకిలికి పది అడుగుల ముందు రెండు గుంజలు పాతి, వాటికి రిబ్బన్ కట్టడం. ఆయన నిలబడి కత్తిరించి అక్కణ్ణించే వెళ్ళిపోవడం.

ఇద్దరూ నన్ను మెచ్చుకున్నారు. ఓపెనింగ్ అయిపోగానే మాస్టారికి చెప్పేస్తాను. ఇంకేం మిగల్లేదు వాయిదా వేయడానికి.

జూన్ 6, రాత్రి భోజనం చేయకుండా రాస్తున్నాను

ముహూర్తం పొద్దున పదిన్నర. రాయుడు గారు వచ్చింది సాయంత్రం ఐదుంపావు. షామియానా కింద అందరూ వాడిపోయారు. మాస్టారు మాత్రం కొత్త పంచెలో, నాలుగు పేజీల ఉపన్యాసం చేతిలో పట్టుకుని, నలిగిపోతుందని ఒళ్ళో కూడా పెట్టుకోకుండా పొద్దుటినుంచీ అలాగే ఉన్నారు.

శశి సార్ ముందు మాట్లాడారు. తర్వాత మాస్టారు మైకు అందుకున్నారు. రెండో పేజీలో, నాలుగు వేల ఏండ్ల కిందట ఒక సాయంత్రం ఒక తల్లి తన బిడ్డల్ని ఈ వాకిట్లో నుంచి ఒక్కొక్కరినే లోపలికి పంపిస్తా ఉంటే, అనే చోటికి వచ్చారు.

అప్పుడు వచ్చాయి. నేను మరిచిపోయాను. సాయంత్రమంటే వాటికి గూటికి పోయే వేళ. ఫంక్షన్ పొద్దునే కదా, అయిపోయుంటుందని బయమ్మ వదిలింది. ముప్పై ఎనిమిది పిల్లలు షామియానా మధ్యలో నుంచి, రాయుడు గారి పంచె పక్క నుంచి, రిబ్బన్ కింద నుంచి, తల వంచే పనే లేకుండా ఒకదాని వెనక ఒకటి వాకిట్లోకి పోయాయి. చివరిది ఆగి మా అందరినీ ఒకసారి చూసి మరీ పోయింది.

రాయుడు గారు నవ్వారు మొదట. ఇదేందప్పా, గొర్లకు కట్టినట్టుండాదే అన్నారు. వెనక నుంచి వస్తున్న బయమ్మ, గొర్లకు గాక ఇంగెవరికయ్యా, మా గూడు సూసే గదా కట్టింది అంది. ఆమెకు ఇందులో దాచాల్సింది ఏముందో తెలియదు. దాచమని నేను తిప్పయ్యకు చెప్పాను గానీ ఆమెకు చెప్పలేదు.

మాస్టారు కాగితాలు మడిచారు. తిప్పయ్యను నిజమా అని అడిగారు. నిజమే సామీ అన్నాడు. నన్ను, నీకు తెలుసా అమ్మా అని అడిగారు. తెలుసన్నాను. ఎప్పటినుంచి అన్నారు. ముగ్గు పోసినప్పటినుంచి అన్నాను.

ఆయన గొడుగు తీసుకుని పోయారు. స్కూటరు నాలుగు తన్నులకు స్టార్టయింది. నేను పోయి ఆ నాలుగోది తన్నుంటే బాగుండేది.

రాయుడు గారు మాత్రం చాలా సంతోషంగా, నిటారుగా నిలబడి రిబ్బన్ కత్తిరించారు.

జూన్ 8

రాయదుర్గం పోయాను. మాస్టారు గదిలోంచి రాలేదు. వాళ్ళావిడ మజ్జిగ ఇచ్చి, చదువుకుంటా ఉండారమ్మా అంది. వరండాలో నిలబడి, తప్పు నాదే సార్, ఉద్యోగం పోతుందని చెప్పలేదు, మీకు బాధ కలుగుతుందని కాదు అని గట్టిగా చెప్పాను. లోపల పేజీ తిప్పే చప్పుడు ఆగింది. అంతే.

శశి సార్ కూడా ఫోనెత్తడం లేదు.

జూన్ 20

ఎవరూ రాలేదు. ఆదిమ నివాస కేంద్రానికి రెండు వారాల్లో వచ్చిన విజిటర్లు: దారి తప్పిన ఒక సిమెంటు లారీ డ్రైవరు.

జూన్ 28

స్కూటరు చప్పుడు విని పరిగెత్తాను. మాస్టారు. సంచిలో తాపీ, పెయింటు బ్రష్షు. నావైపు చూడలేదు. తిప్పయ్యను పిలిచి, నోట్‌బుక్ తెరిచి, నువ్వు కట్టేముందు ఈడ ఏముండె అని అడిగారు.

కింద వరస పెద్దరాళ్ళు ముందే ఉండె సామీ, నేను పైన పేర్చుకుంటా వచ్చినా అంతే, మా తాత కాలంలో కూడా అట్లనే ఉండెనంట అన్నాడు తిప్పయ్య.

మాస్టారు కలం ఆపారు. ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదయ్యా అన్నారు.

అడగల్ల గదా సామీ.

మాస్టారు నవ్వారు. నేనూ నవ్వబోయి, నాకు హక్కుందో లేదోనని మానేశాను. అప్పుడు నావైపు చూసి, టేపు పట్టుకో అన్నారు.

జూలై 1

మూడు రోజులుగా తవ్వుతున్నాం. తవ్వడమంటే బ్రష్షుతో దులపడం. ఈ లెక్కన పునాది తీస్తే మా మేస్త్రీ మనవడు బేస్‌మెంట్ చూస్తాడు.

పెద్దరాళ్ళ కింద, మోకాలి లోతులో గట్టి నేల తగిలింది. బూడిద, పేడ కలిసి గట్టిపడిన నేల. దాని మీద గుర్తులు. రెండేసి చింతగింజలు పక్కపక్కన పెట్టి నొక్కినట్టు, చిన్నచిన్నవి, వందలు. అన్నీ వాకిలి వైపే గుంపుగా ఉన్నాయి. తిప్పయ్య ఒక్క చూపు చూసి, నెల దాటని పిల్లలు అన్నాడు.

మాస్టారు బోర్లా పడుకుని చాలాసేపు చూశారు. కొత్తగా కట్టుకున్న పంచె అంతా బూడిద. ఎన్ని వేల ఏండ్లదో తేల్చాల్సింది పెద్దవాళ్ళు గానీ, తిప్పయ్యది మాత్రం కాదమ్మా అన్నారు.

అయితే ఇల్లు కాదు కదా సార్ అన్నాను, భయపడుతూనే.

దొడ్డే, ఆ హైదరాబాదాయన చెప్పిందే నిజం అన్నారు. బాధ ఉంటుందేమోనని ముఖం చూశాను. లేదు. పరీక్షలో ఫస్టు మార్కు వచ్చిన పిల్లాడిలా ఉన్నారు. మరి మనుషులెక్కడ ఉండేవాళ్ళు సార్ అన్నాను. లేచి కూర్చుని బయట ఎండలో మట్టి వైపు చూపించారు. రాయి మోసుకొచ్చి కట్టింది పిల్లలకు, తాము బయట ఏ గడ్డి కొట్టంలోనో పడుండినారు, గాలికి పోయింటాది అన్నారు. ముప్పై ఏండ్లు వాళ్ళ ఇల్లు వెతికినా, వాళ్ళకు దాని మీద ధ్యాసే లేదు చూడు అన్నారు.

ఇంకో సంగతి. ఇది ఇప్పుడు నిజంగానే పురాతనం. కంచె తియ్యడానికి లేదు. తిప్పయ్య గూడు పోయినట్టే. ఈసారి అబద్ధం వల్ల కాదు.

జూలై 4

బిల్డింగు కంప్లీషన్ రిపోర్టు పంపాల్సిన రోజు. ఆఖరి కాలమ్, భవనం వాడుక. ట్రస్టు వాళ్ళు పెన్సిలుతో సందర్శకుల కేంద్రం అని రాసి పంపారు, నేను పెన్నుతో దిద్దాలంతే.

తుడిపేసి రాశాను: గొర్రెపిల్లల గూడు. వాడకంలో ఉన్నది, మార్చి 10 నుంచి. కింద సంతకం, సైట్ ఇంజనీర్ హేమావతి. బహుశా ఆ మాటతో చివరి సంతకం.

గుమ్మఘట్ట పోస్టాఫీసులో రిజిస్టర్ చేసి, వెనక్కి తీసుకోవాలనిపిస్తుందేమోనని ఆటో కోసం ఆగకుండా నడిచి వచ్చేశాను.

జూలై 14

ఈరోజు శశి సార్ ఫోనెత్తారు. రిపోర్టు ఆయన చేతికి వచ్చిందట. కాయిన్ బాక్సులో రూపాయి మీద రూపాయి వేస్తూ నిలబడ్డాను.

చివరికి, వాటికి బాగుందా అని అడిగారు.

ఎవరికి సార్?

గొర్రెపిల్లలకు.

బాగుంది సార్, వాకిలి సరిగ్గా సరిపోయింది, తోడేలు రాలేదు, వాసన కూడా వాటికి నచ్చింది అన్నాను. ఇంకో రూపాయి వేశాను. ఇరవై రెండేళ్ళలో నా మీద కంప్లయింట్ చెయ్యని క్లయింట్లు వీళ్ళే అన్నారు. ట్రస్టుతో తాను మాట్లాడుకుంటానన్నారు. మాస్టారి గుర్తులు చూడ్డానికి ఆదివారం వస్తానన్నారు. చెప్పుల సంగతి నేనే గుర్తు చేశాను.

ఉద్యోగం ఉన్నట్టా పోయినట్టా అడగడం మరిచిపోయాను. అడగల్ల గదా.

జూలై 27

మబ్బు. తిప్పయ్య, నేను మిద్దెక్కి చౌడు ఇంకో పొర పరిచాం. మూడేళ్ళుగా ఇలాంటి మబ్బులు చూసి చూసి ఊర్లో ఎవరూ తలెత్తడం లేదు. రాయుడు గారు తప్ప, ఆయన తల ఎప్పుడూ ఎత్తే ఉంటుంది.

ఆగస్టు 4, సాయంత్రం

వాన. ముప్పై ఎనిమిదీ లోపలే ఉన్నాయి. చేయి పెట్టి చూశాను, ఒక్క చుక్క కారలేదు.

మాస్టారు, తిప్పయ్య, నేను బయట తడుస్తున్నాం.